మనోనిగ్రహమా, లెక్క చూసుకోవటమా?
ఇమామ్ గజాలీ 'మురాఖబా - ముహాసబా' గ్రంథంపై ఒక విమర్శ

ఇస్లామీయ నీతిశాస్త్రాన్ని తెలుగులో చదివే పాఠకులకు 'మనోనిగ్రహం', 'ఇంద్రియ నిగ్రహం', 'ఆత్మ పరిశీలన' అనే మాటలు కొత్తవి కావు. ఖుత్బాలలోను, వ్యాసాలలోను, అనువాద గ్రంథాలలోను అవి తరచుగా కనబడుతూనే ఉంటాయి. ఆలోచనలను అదుపులో ఉంచుకోవాలి, కోపతాపాలను జయించాలి, ప్రవర్తనను చక్కదిద్దుకోవాలి, అప్పుడే జీవితానికి సార్థకత ఏర్పడుతుంది - ఈ బోధ పట్ల ఎవరికీ అభ్యంతరం ఉండదు. అయితే ఈ బోధకు ఆధారంగా మన పండితులు చూపించే మూల గ్రంథం నిజానికి ఏమి చెబుతున్నది, తెలుగులోకి వచ్చేసరికి అది ఏ రూపం పొందుతున్నది అని పరిశీలించినప్పుడు కొన్ని చిక్కులు బయటపడతాయి. ఇవి కేవలం భాషకు సంబంధించిన చిక్కులయితే వాటిని పండితులకే వదిలివేయవచ్చు. కాని వాటి ప్రభావం మనిషి తన ఇంట్లో, బజారులో నడుచుకునే తీరు మీద కూడా పడుతున్నది. కనుక వాటిని విచారించక తప్పదు.

గ్రంథం, గ్రంథకర్త

ఇమామ్ అబూ హామిద్ గజాలీ (రహ్మ) 1058లో ఖురాసాన్ లోని తూస్ పట్టణంలో జన్మించి, 1111లో అక్కడే మరణించారు. ఆయన రచించిన 'ఇహ్యా ఉలూముద్దీన్'లో నలభై గ్రంథాలు ఉన్నాయి. పదేసి గ్రంథాల చొప్పున అవి నాలుగు భాగాలు. ఆరాధనలు మొదటి భాగం, నిత్యజీవిత వ్యవహారాలు రెండవది, మనిషిని నాశనం చేసే దుర్గుణాలు మూడవది, మోక్షం చేకూర్చే సుగుణాలు నాలుగవది. ఈ నాలుగవ భాగంలోని ఎనిమిదవ గ్రంథం, అనగా మొత్తం మీద 38వది, 'కితాబుల్ మురాఖబా వల్ ముహాసబా'. ఆలోచన, ఉద్వేగం, ప్రవర్తన - ఈ మూడింటినీ మనిషి ఎలా సంబాళించుకోవాలన్న విషయం మీద ఇస్లామీయ వాఙ్మయంలో ఇంత పద్ధతిగా సాగిన రచనలు అరుదు.

ఈ గ్రంథాన్ని చదివేటప్పుడు గ్రంథకర్త జీవితంలోని ఒక ఘట్టాన్ని గుర్తుంచుకోవాలి. 1091లో బాగ్దాద్ లోని నిజామియా విద్యాలయంలో ఆచార్య పదవి పొందిన గజాలీ, 1095లో తీవ్రమైన మానసిక సంక్షోభానికి లోనయ్యారు. పాఠం చెప్పబోతే నాలుక కదిలేది కాదు. ఆకలి నశించింది. వైద్యులు వచ్చి చూసి, ఇది శరీరానికి వచ్చిన జబ్బు కాదనీ, మనసులో పుట్టి శరీరానికి పాకిందనీ తేల్చారు. ఈ సంగతిని ఆయన తన ఆత్మకథాత్మక గ్రంథం 'అల్ మున్ఖిజ్ మినజ్జలాల్'లో దాచకుండా వ్రాశారు. మనసు మీద పట్టు తప్పిపోవటం అంటే ఏమిటో స్వయంగా అనుభవించిన వ్యక్తి ఆయన. కనుక 38వ గ్రంథాన్ని విజేత ప్రకటించిన విజయగాథలా కాక, దెబ్బతిన్న మనిషి తిరిగి లేచి వ్రాసుకున్న క్రమంగా చదవటమే న్యాయం.

భాగస్వామి ఉపమానం

ఈ గ్రంథమంతా ఒకే ఒక ఉపమానం మీద నిలబడి ఉన్నది. అది వ్యాపారానికి సంబంధించినది. ఒక వర్తకుడు తన సొమ్మును మరొకరికి అప్పగించి, కలిసి వ్యాపారం చేస్తాడు. సొమ్ము అప్పగించే ముందు షరతులు మాట్లాడుకుంటాడు. వ్యాపారం సాగుతున్నంత సేపూ కన్నేసి ఉంచుతాడు. గడువు తీరిన తరువాత కూర్చుని గింజతో సహా లెక్క చూస్తాడు. తేడా వస్తే జరిమానా వేస్తాడు. పరలోక మార్గంలో 'అఖ్ల్' అనగా బుద్ధి ఈ వర్తకుడు. 'నఫ్స్' అతని భాగస్వామి. మనిషి ఆయుష్షు పెట్టుబడి. విధిగా చేయవలసిన ఫర్జులు అసలు సొమ్ము, నఫిల్ ఆచరణలు లాభం, పాపాలు నష్టం. వ్యాపారం జరిగే సమయం పగలంతా.

ఈ ఉపమానాన్ని అనుసరించి గజాలీ ఆరు మెట్లు చెప్పారు. ఉదయం ముషారతా, అంటే నఫ్స్ తో షరతులు మాట్లాడుకోవటం. పని చేస్తున్నప్పుడు మురాఖబా, కాపు కాయటం. రాత్రి ముహాసబా, లెక్క చూడటం. తేడా వచ్చినచోట ముఆఖబా, జరిమానా. వెనుకబడినచోట ముజాహదా, మరింత పాటుపడటం. చివరిది ముఆతబా, నిలదీసి మందలించటం.

ఇక్కడ గమనించదగిన విషయం ఒకటి ఉన్నది. ఈ గ్రంథంలో నఫ్స్ కు ప్రధానంగా ఇచ్చిన స్థానం భాగస్వామి స్థానం. కనిపెట్టి ఉండకపోతే అతడు దగా చేస్తాడు, ప్రత్యర్థిగా మారుతాడు. అయినప్పటికీ అతడు లేకుండా వ్యాపారమే లేదు. భాగస్వామిని చంపుకుని దుకాణం నడిపిన వర్తకుడు ఎక్కడా ఉండడు. ఇదే విషయాన్ని గజాలీ 22వ గ్రంథంలో మరొక విధంగా చెప్పారు. కోపాన్ని, కోరికను పూర్తిగా పెకలించివేయటం మనిషి చేతిలో లేదు, వాటిని అదుపులోకి తెచ్చి సరైన దారిన నడపటం మాత్రమే చేతిలో ఉన్నదని ఆయన మతం. ఖర్జూరపు గింజ ఖర్జూరపు చెట్టు కాదు, ఆపిల్ చెట్టూ కాదు. సాకితే అది ఖర్జూరపు చెట్టు అవుతుంది. ఎంత సాకినా ఆపిల్ చెట్టు మాత్రం కాజాలదు.

రావులపాలెం యార్డులో

ఉపమానం బజారు నుండి వచ్చింది కనుక దాని బలాన్ని బజారులోనే పరీక్షించటం మంచిది. తెలుగు పాఠకునికి అలాంటి బజారు రావులపాలెంలో దొరుకుతుంది. ధవళేశ్వరం దిగువన చీలిన గోదావరి పాయలలో గౌతమి మీది వంతెన దాటి జొన్నాడ వైపు నుండి వచ్చేవారికి మొదట తగిలే ఊరు అది. వెనుకటి 5వ నంబరు, నేటి 16వ నంబరు జాతీయ రహదారి దాని గుండానే పోతుంది. కోనసీమకు ముఖద్వారమని పేరు. 2022 ఏప్రిల్ వరకు తూర్పు గోదావరి జిల్లాలోను, ఆ తరువాత కోనసీమ జిల్లాలోను చేరింది. ఆ ఊరికి పేరు తెచ్చినది అరటి మార్కెట్టు. లంకల నుండి, గట్ల వెంబడి తోటల నుండి కర్పూర, చక్కెరకేళి, బొంత గెలలు అక్కడికి చేరి, లారీలకెక్కి ఇతర జిల్లాలకు, ఇతర రాష్ట్రాలకు వెళతాయి.

ఈ వ్యాపారంలో ఒక విశేషం ఉన్నది. అరటి బేరం గెల లెక్కన సాగుతుంది. గెలను చూసి, అత్తాలు ఎంచి, కాయ ముదురును కంటితో అంచనా కట్టి ధర చెబుతారు. ఇక్కడ కన్నే త్రాసు. పైగా కోసిన గెల నిలవ ఉండదు. ధర నచ్చలేదని రైతు దానిని తిరిగి ఇంటికి తీసుకుపోలేడు. పండుగలు, పెళ్ళిళ్ళు ఉన్న రోజులలో ధర లేస్తుంది, మూఢం రోజులలో పడిపోతుంది. ఈ పరిస్థితిలో వ్యాపారి చూపుకు, మాటకు, కోపానికి, ఓర్పుకు ఎంత విలువ ఉన్నదో ఆలోచించండి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక ముస్లిం కమీషన్ వ్యాపారి ఫజ్ర్ నమాజు చేసుకుని యార్డుకు వచ్చాడనుకుందాం. దారిలోనే ఇంటి విషయమై తమ్మునితో మాటా మాటా పెరిగి, మనసు వికలమై ఉన్నది. లంక నుండి సైకిలు మీద గెలలు మోసుకుని వచ్చిన రైతు ధర విషయమై రెండుసార్లు అడిగాడు. వ్యాపారికి చిరాకు కలిగింది. అయితే అతడు నిగ్రహం తెలిసిన మనిషి. గొంతు హెచ్చించలేదు, పరుషంగా ఒక్క మాటా అనలేదు. గెల చూసి, మామూలుగా పలికేదాని కంటే కొంత తగ్గించి ధర చెప్పి ముఖం తిప్పుకున్నాడు. రైతు చేసేది లేక ఒప్పుకుని వెళ్ళిపోయాడు.

'మనోనిగ్రహం' కొలబద్ద ప్రకారం ఈ వ్యాపారి నెగ్గాడు. కోపం వచ్చింది, దిగమింగాడు, నోరు జారలేదు. రాత్రి పడుకునేటప్పుడు తన ఓర్పుకు తాను సంతోషించవచ్చు కూడా. కాని గజాలీ లెక్క ప్రకారం ఆ దినపు పద్దు ఇంకా ముగియలేదు. నోటిలో నుండి రాని కోపం కంటిలో నుండి వచ్చింది. గెల ధరలో తగ్గిన ఆ కొద్ది రూపాయలు రైతు పేర బాకీగా నిలిచి ఉన్నాయి. తమ్మునితో పడిన తగవుకు జరిమానా కట్టినవాడు లంక రైతు.

తాము తీసుకునేటప్పుడు నిండుగా కొలిపించుకుని, ఇతరులకు ఇచ్చేటప్పుడు తగ్గించే వారిని దివ్య ఖుర్ఆన్ 83వ సూరా తీవ్రంగా హెచ్చరిస్తున్నది. కన్నే త్రాసు అయినచోట ఆ హెచ్చరిక కంటికి కూడా వర్తిస్తుంది. పశ్చాత్తాపాన్ని గురించిన 31వ గ్రంథంలో గజాలీ ఈ విషయంలో ఎంత మాత్రం సడలింపు ఇవ్వలేదు. అల్లాహ్ కూ దాసునికీ మధ్య ఉన్న పాపం పశ్చాత్తాపంతో తీరవచ్చు. కాని తోటి మనుషుల హక్కుకు కలిగిన నష్టం, ఆ మనిషిని వెదకి పట్టుకుని చెల్లించేవరకు, లేదా అతడు మన్నించేవరకు తీరదు. కనుక 38వ గ్రంథాన్ని 31వ దానితో కలిపి చదవాలి. అలా చదివినప్పుడు ముహాసబా అంటే తన మనసులో ఏమి జరిగిందో తరచి చూసుకోవటంతో ఆగిపోదు. తన మనసులో జరిగినదాని వలన అవతలివానికి ఏమి జరిగిందన్న ప్రశ్న కూడా అందులో చేరుతుంది. ఈ గ్రంథంలోని గొప్పతనమంతా ఇక్కడే ఉన్నది.

మాటల వద్ద వచ్చిన చిక్కు

ఇంత స్పష్టమైన వ్యాపార ఉపమానం తెలుగులో ఎందుకు మరుగున పడింది? దానికి ఒక కారణం పరిభాష. 'నిగ్రహం' అనే మాటకు అణచటం, పట్టి ఆపటం అనే అర్థాలు ఉన్నాయి. యోగ, వేదాంత శాస్త్రాలలో ఆ మాటకు సుదీర్ఘమైన చరిత్ర ఉన్నది. అక్కడ దాని స్థానంలో అది సార్థకమైనదే. కాని గజాలీ వాక్యంలోకి దానిని తెచ్చి పెట్టినప్పుడు భాగస్వామి అదృశ్యమై, పట్టి బంధించవలసిన మృగం ఒకటి ఆ చోటుకు వస్తుంది. ఇక షరతులు లేవు, లెక్క లేదు, బాకీ లేదు. అణచటం ఒక్కటే మిగులుతుంది.

ఈ పరిభాషను ఎన్నుకున్న పూర్వులను నిందించటం న్యాయం కాదు. పిఠాపురానికి చెందిన కవి, సూఫీ పీఠాధిపతి డాక్టర్ ఉమర్ ఆలీషా (1885-1945) తన తాత్త్విక గ్రంథానికి 'సూఫీ వేదాంత దర్శనము' అని పేరు పెట్టారు. పారసీక భాషలో పండితుడై, ఉమర్ ఖయ్యాం రుబాయీలను తెలుగు పద్యాలలోకి తెచ్చిన ఆయనకు అరబీ, ఫార్సీ మాటలు తెలియక కాదు. నాటి తెలుగు పాఠకులకు తత్త్వం వేదాంత భాషలోనే వినబడేది. ఆయన వారి చెవికి అందే భాషలో మాట్లాడారు. గోదావరి సీమలో ముస్లింలు, ముస్లిమేతరులు ఒకరి మాట ఒకరు వినటానికి అది దోహదం చేసింది. అయితే ఒక కాలపు అవసరం మరొక కాలానికి నియమం కానవసరం లేదు.

'నఫ్స్' విషయంలో గందరగోళం మరింత ఎక్కువ. తెలుగులో దానిని ఒకచోట 'ఆత్మ' అనీ, ఒకచోట 'మనసు' అనీ, వేరొకచోట 'అహం' అనీ వ్రాస్తుంటారు. 'రూహ్' కూడా 'ఆత్మ'యే అవుతున్నది. ఖుర్ఆన్ లో చెడుకు పురికొల్పే నఫ్సె అమ్మారా (12వ సూరా), తన్ను తాను నిందించుకునే నఫ్సె లవ్వామా (75వ సూరా), తృప్తి చెందిన నఫ్సె ముత్మయిన్నా (89వ సూరా) అనే మూడు స్థితుల ప్రసక్తి ఉన్నది. పండితులలో అధికులు వీటిని ఒకే నఫ్స్ పొందే స్థితులుగా గ్రహించారు. తెలుగులో మొదటిది 'అహం', రెండవది 'అంతరాత్మ', మూడవది 'పరిశుద్ధాత్మ' అయిపోతే, మనిషిలో ముగ్గురు వేరు వేరు వ్యక్తులు ఉన్నారన్న భ్రమ కలుగుతుంది. ఉదయం దగా చేసిన భాగస్వామే సాయంత్రం సిగ్గుపడుతున్నాడన్న అసలు సంగతి తెలియకుండా పోతుంది.

ఈ చిక్కుకు పరిష్కారం దూరంగా ఎక్కడో వెదకనక్కరలేదు. ముషారతాకు మూలమైన 'షర్త్' తెలుగులో 'షరతు'గా ఏనాడో స్థిరపడింది. యార్డులో ప్రతి దుకాణంలోను వినబడే 'జమ', 'బాకీ', 'వసూలు' అరబీ నుండి వచ్చినవే. 'ఖర్చు', 'ఆవర్జా' ఫార్సీ ద్వారా వచ్చాయి. అప్పు రద్దు చేయటంలోని 'రద్దు', 'మాఫీ' కూడా ఆ దారిన వచ్చినవే. ఇవి ఏ మతం వారికీ పరాయి మాటలు కావు. లంక రైతు, లారీ గుమస్తా, కొట్టు యజమాని అందరూ వీటినే వాడుతారు. గజాలీ తన కాలపు బజారు భాషలో వ్రాశారు. తెలుగు బజారు భాషలో సగం ఆ మాటలే ఉన్నాయి. నఫ్స్ ను 'నఫ్స్'గానే ఉంచి, మిగిలినదంతా చిట్టా ఆవర్జాల భాషలో చెబితే, పండితుని సహాయం లేకుండానే పాఠకునికి విషయం అందుతుంది.

'మురాఖబా' విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. సూఫీ సంప్రదాయంలో ఆ మాటకు కన్నులు మూసుకుని కూర్చునే ధ్యానం అన్న అర్థం ప్రచారంలోకి వచ్చింది. గజాలీ ఇక్కడ చెప్పినది పని మధ్యలో ఉన్న మనిషిని గురించి. పని మొదలుపెట్టే ముందు ఒక్క క్షణం ఆగి, ఈ సంకల్పం ఎవరి కోసం పుట్టిందని అడగటం, పని సాగుతున్నప్పుడు అల్లాహ్ చూస్తున్నాడన్న ఎరుక కలిగి ఉండటం. దానిని 'ధ్యానం' అనే కంటే తోటకు కాపు కాయటం అంటే సరిపోతుంది. కాపు కాసేవాడు కళ్ళు మూసుకోడు.

గ్రంథంలోని లోపాలు

ఇంతవరకు చెప్పినదానిని బట్టి ఈ గ్రంథం నిర్దోషమైనదని భావించరాదు. ముఖ్యంగా ముఆఖబా, అనగా జరిమానాకు సంబంధించిన అధ్యాయంలో నేటి పాఠకుని చేతిలో పెట్టటానికి సంకోచించవలసిన కథనాలు ఉన్నాయి. పరస్త్రీ మీద చేయి వేసినందుకు ఆ చేతిని నిప్పులో పెట్టుకున్న వ్యక్తి కథ, తప్పు త్రోవన అడుగు బయట పెట్టినందుకు ఆ కాలిని తిరిగి లోపలికి తీసుకోక ఎండకు, వానకు వదిలివేసిన వ్యక్తి కథ అటువంటివి. ముహాసబా అధ్యాయంలో తౌబా బిన్ సిమ్మా అనే భక్తుని ప్రసక్తి వస్తుంది. తన వయస్సు అరవై ఏళ్ళని లెక్క కట్టి, అది 21,500 రోజులని తేల్చుకుని, రోజుకు ఒక్క పాపమైనా 21,500 పాపాలతో ప్రభువును ఎలా కలుసుకునేదని కేక వేసి అక్కడికక్కడే ప్రాణం విడిచాడు. గజాలీ దీనిని మెచ్చుకోలుగానే చెప్పారు.

విమర్శకుడు ఇక్కడ ఆగి ప్రశ్నించాలి. లెక్క చూసుకోవటంలో ఉద్దేశం మర్నాడు వ్యాపారం మెరుగుపడటమే కదా! లెక్క చూసి వర్తకుడే కూలిపోతే బాకీలు తీర్చేదెవరు? ఉపమానాన్ని నిర్మించిన గ్రంథకర్తయే ఈ కథల వద్ద ఉపమానాన్ని మరచిపోయారు. ఏ వర్తకుడూ భాగస్వామి చేతిని నిప్పులో పెట్టడు, పెడితే మర్నాడు దుకాణం తెరిచే చేయి ఉండదు. ఇదే గ్రంథంలో ఉన్న వేరొక రకం కథనాలు ఉపమానానికి సరిగ్గా సరిపోతాయి. అస్ర్ నమాజు జమాఅతుతో చేయలేకపోయినందుకు హజ్రత్ ఉమర్ (రజి) రెండు లక్షల దిర్హముల విలువ చేసే భూమిని దానం చేశారని ఒక కథనం. తన తోటలో ఎగిరిన పిట్ట వలన నమాజులో మనసు చెదరినందుకు అబూ తల్హా (రజి) ఆ తోటనే దానం చేశారని మరొకటి. ఈ జరిమానాలలో ఎవరికో మేలు జరిగింది, ఎవరికీ గాయం కాలేదు. రావులపాలెం వ్యాపారికి కూడా ఇటువంటి జరిమానాయే తగినది. తక్కువ కట్టిన సొమ్ము రైతుకు చేర్చటం, దాని మీద మరికొంత దానం చేయటం.

ఈ విమర్శ కొత్తది కాదు. హంబలీ విద్వాంసుడు ఇబ్నుల్ జౌజీ (మరణం 1201) 'తల్బీసె ఇబ్లీస్'లో శరీరాన్ని హింసించుకునే ఆచారాలను తీవ్రంగా ఖండించారు. ఇహ్యాలోని బలహీన హదీసులను ఎత్తి చూపించారు. అలాగని ఇహ్యాను అవతల పారవేయలేదు. తనకు అభ్యంతరకరమైనవి తొలగించి 'మిన్హాజుల్ ఖాసిదీన్' అనే పేర దానిని తిరిగి కూర్చారు. తరువాతి కాలంలో జైనుద్దీన్ ఇరాఖీ (మరణం 1404) ఇహ్యాలోని హదీసులను ఒక్కొక్కటిగా పరిశీలించి వాటి బలాబలాలు నిర్ణయించారు. గ్రంథాన్ని గౌరవించటమంటే ఏమిటో ఈ ఇద్దరి ఉదాహరణ తెలుపుతుంది. వారు దానికి మొక్కలేదు, దానిని త్రోసిపుచ్చనూ లేదు. దాని లెక్క దానికి చూశారు.

జబ్బు మనిషికి లెక్క

మరొక లోటు ఇంకా గంభీరమైనది. ముహాసబా ఆరోగ్యవంతుని పని. మనసు జబ్బు పడిన మనిషికి దానిని యథాతథంగా విధిస్తే మేలు కంటే కీడు ఎక్కువ. వుజూ సరిగా అయిందో లేదోనని పదేపదే చేసే వ్యక్తికి, వారాల తరబడి నిద్ర, ఆకలి లేక, బ్రతుకు మీద ఆశ వదులుకున్న వ్యక్తికి 'ఇంకా బాగా లెక్క చూసుకో' అని చెప్పటం పుండు మీద కారం చల్లటమే. అటువంటివారిని 'ఈమాన్ బలహీనపడింది' అని మందలించే అలవాటు మన సమాజంలో ఉన్నది. 1095లో గజాలీ నాలుక పలకనప్పుడు ఆయన ఈమాన్ బలహీనపడిందని ఎవరైనా అనగలరా?

ఈ లోటును పూరించే గ్రంథం గజాలీకి పూర్వమే మనకు ఉన్నది. అబూ జైద్ బల్ఖీ (మరణం 934) రచించిన 'మసాలిహుల్ అబ్దాన్ వల్ అన్ఫుస్'లో మొదటి భాగం శరీర ఆరోగ్యానికి, రెండవ భాగం మనసు ఆరోగ్యానికి కేటాయించబడినవి. కోపం, భయం, దుఃఖం, పీడించే ఆలోచనలు అనే నాలుగింటినీ బల్ఖీ వేరు వేరుగా తీసుకుని చికిత్స చెప్పారు. దుఃఖంలో రెండు రకాలున్నాయని ఆయన నిర్ణయం. మొదటి రకానికి కారణం తెలుస్తూనే ఉంటుంది. 1996 నవంబరు 6 నాటి తుపానులో కోనసీమ రైతు తన కొబ్బరి చెట్లు నేలకూలటం చూసి పడిన దుఃఖం అటువంటిది. 2022 జూలై వరదలో అరటి తోట నీట మునిగిన లంక రైతు దుఃఖమూ అటువంటిదే. దీనికి సరైన ఆలోచన, ఆత్మీయుల ఓదార్పు పనిచేస్తాయి. రెండవ రకానికి బయటి కారణం కనబడదు. దాని మూలం శరీరంలో ఉంటుంది కనుక శరీరానికి కూడా వైద్యం చేయాలన్నారు బల్ఖీ. ఆలోచనను సరిదిద్ది ఉద్వేగాన్ని సరిదిద్దే చికిత్సను 1960లలో అమెరికాలో ఆరన్ బెక్ రూపొందించారు. దానికి దగ్గరి ఊహలు పదవ శతాబ్ది నాటి ఈ గ్రంథంలో ఉన్నాయని సూడాన్ మనస్తత్వవేత్త మాలిక్ బద్రీ ఎత్తి చూపి, 2013లో ఆ భాగాన్ని ఆంగ్లంలోకి తెచ్చారు.

బల్ఖీ చెప్పిన ఒక పద్ధతి గజాలీ షరతులకు తోడుగా నిలుస్తుంది. హఠాత్తుగా వచ్చే జబ్బుకు మందును ముందే ఇంట్లో ఉంచుకున్నట్లు, మనసు స్థిమితంగా ఉన్నప్పుడే మంచి ఆలోచనలను కూడబెట్టి ఉంచుకోవాలని ఆయన సలహా. కోపం వచ్చిన తరువాత ఆలోచన వెదుక్కుంటే దొరకదు. వరద గట్టెక్కిన తరువాత గట్టు వేసేవాడు ఎవడూ ఉండడు.

నేటి వ్యక్తిత్వ వికాస గ్రంథాలు

తెలుగు పుస్తకాల దుకాణాలలో 'వ్యక్తిత్వ వికాసం' అనే పేర ఒక ప్రత్యేకమైన వరుస ఏర్పడి చాలా కాలమయింది. ముస్లిం యువకులు కూడా వాటిని చదువుతున్నారు. అందులో తప్పు లేదు. సమయ పాలన, కోపం వచ్చినప్పుడు ఆగటం, దినచర్య వ్రాసుకోవటం వంటివి వాటిలో మేలయిన విషయాలు. ఈ పుస్తకాలకూ గజాలీకీ పోలికలు ఎత్తి చూపి, ఇవన్నీ మనవాళ్ళు ఎప్పుడో చెప్పారని సంతోషించే వ్యాసాలు కూడా వస్తున్నాయి. ఆ పోలిక పైపైన మాత్రమే నిలుస్తుంది.

ఈ పుస్తకాలలో అధిక భాగం మనిషికి తన పెట్టుబడి తనదే అని చెబుతాయి. దానిని వృద్ధి చేసుకుంటే విజయం, పోగొట్టుకుంటే పరాజయం. లెక్క అడిగేవాడు వేరే లేడు, బాకీపడిన తోటి మనిషి కూడా ఆ లెక్కలో లేడు. చిరాకును దిగమింగి బేరం గెలిచిన వ్యాపారి అక్కడ ఆదర్శ పురుషుడు కాగలడు. గజాలీ లెక్కలో పెట్టుబడి అమానతు, ఒకరు అప్పగించినది. ఆయన చెప్పిన ఇరవై నాలుగు పెట్టెల ఉపమానం ఇందుకే. రోజుకు ఇరవై నాలుగు గంటలు ఇరవై నాలుగు పెట్టెలై ప్రళయ దినాన దాసుని ముందు తెరువబడతాయి. మంచి పని చేసిన గంట వెలుగుతో నిండి ఉంటుంది. పాపం చేసిన గంట చీకటితో నిండి ఉంటుంది. ఏమరుపాటున గడిచిన గంట ఖాళీగా ఉంటుంది, దానిని చూసి కూడా మనిషి విచారిస్తాడు. జీవితానికి అర్థం అన్న మాటను ఇక్కడ గజాలీ మనిషి సాధించిన దానితో ముడిపెట్టలేదు. అతడు తిరిగి అప్పగించగలిగిన దానితో ముడిపెట్టారు.

చేయవలసిన పని

కనుక ముందు ముందు ఈ గ్రంథాన్ని తెలుగులోకి తెచ్చేవారు మూడు విషయాలు పాటించటం అవసరం. 'నిగ్రహం' అనే మాటను మాని, షరతు, కాపు, లెక్క, జరిమానా, బాకీ అనే వాడుక మాటలతో ఉపమానాన్ని నిలబెట్టాలి. హదీసుల పక్కన ఇరాఖీ నిర్ణయాలను, శిక్షల అధ్యాయం పక్కన ఇబ్నుల్ జౌజీ అభ్యంతరాన్ని తప్పక ఇవ్వాలి. జబ్బు మనసుకు, ఆరోగ్యవంతమైన మనసుకు గల తేడాను బల్ఖీ ఆధారంగా పీఠికలోనే వివరించి, మొదటి రకం వారు వైద్యుని వద్దకు వెళ్ళాలని స్పష్టంగా వ్రాయాలి.

పాఠకుడు మాత్రం అనువాదం కోసం వేచి ఉండనక్కరలేదు. లెక్క అడగబడక ముందే తమ లెక్క తాము చూసుకోవాలన్న హజ్రత్ ఉమర్ (రజి) బోధ అందరికీ తెలిసినదే. యార్డులో సాయంత్రం దినచిట్టా మూసేటప్పుడు గుమస్తా చూసేది ఎవరికి ఎంత ఇవ్వవలసి ఉన్నదని. ఇషా నమాజు తరువాత ఒక అయిదు నిమిషాలు కూర్చుని, ఈ రోజు తన కోపం, తన దిగులు, తన తొందరపాటు ఎవరి పద్దులో వ్రాయబడ్డాయని అడిగి చూసుకుంటే చాలు. పేరు ఒకటి తప్పక తోస్తుంది. మర్నాడు ఉదయం నఫ్స్ తో మాట్లాడుకునే షరతులలో మొదటిది ఆ మనిషిని కలుసుకోవటం కావాలి.